కారులో పాడిన నాన్న, ఇంట్లో మాట్లాడని నాన్న

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాది దాటింది. నాకిప్పుడు 41 ఏళ్లు. చిన్నప్పుడు ఇంట్లో ఆయన అడుగుల చప్పుడు వినపడితే చాలు, అందరం సర్దుకుని కూర్చునేవాళ్లం. నాతో నవ్వుతూ మాట్లాడిన సందర్భం ఇంట్లో ఒక్కటీ గుర్తు లేదు. కానీ సెలవు రోజుల్లో పని మీద దూరం వెళ్లాల్సి వస్తే నన్ను కారులో వెంట తీసుకెళ్లేవారు. కారు కదిలి, క్యాసెట్ లోపలికి తోయగానే ఆయన వేరే మనిషి. కూనిరాగం తీసేవారు, స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేసేవారు, "ఇదిగో, ఇప్పుడు వయొలిన్ వస్తుంది, విను" అనేవారు. రేడియోలోంచి ఎక్కించుకున్న పాటలు కాబట్టి ఒక పాటకి మొదటి లైను సగం ఉండేది కాదు. మేం ఆ సగం నుంచే పాడుకునేవాళ్లం.

అన్నయ్య నాకంటే 6 ఏళ్లు పెద్ద. తనకి నాన్న దగ్గర తిన్న దెబ్బలే గుర్తు. మొన్న బంధువులంతా ఉన్నప్పుడు నేను ఆ కారు ప్రయాణాల గురించి చెప్తుంటే లేచి వెళ్లిపోయాడు. తర్వాత "నువ్వు చెప్పే మనిషెవరో నాకు తెలీదు. నీకు కావలసిన నాన్నను నువ్వే తయారు చేసుకున్నావు" అన్నాడు. అప్పట్నుంచీ నాకే అనుమానం. ఒక్క మనిషే అలా రెండు రకాలుగా ఎలా ఉంటారు? ఆ పాటల్ని ఫోన్లో వెతికి విన్నాను. మొదటిసారి ఏడుపు ఆగలేదు. అయినా ఏదో తేడా, నాన్న పాటలా లేదు. రోజూ వినడం మొదలుపెట్టాక ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. ఉన్న ఒక్కటీ పోగొట్టుకుంటున్నానేమో. క్యాసెట్ల పెట్టె నా దగ్గరే ఉంది, పారేయమంటాడు అన్నయ్య. 9 ఏళ్ల మా పాప తాతయ్య ఎలా ఉండేవారని అడుగుతుంది, ఏం చెప్పాలో తోచదు. అది కారెక్కితే చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నాకూ దానికీ మధ్య అలాంటి జ్ఞాపకం ఏదీ మిగలదేమోనని అదో దిగులు.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవి చాలా ఉన్నాయి. ముందు ఆ అనుమానం సంగతి తేల్చేద్దాం. కారులో నాన్న నిజం. ఆయన్ని మీరు తయారు చేసుకోలేదు. ఓదార్చడానికి అంటున్నాననుకోకండి, మీ ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ఆ పెట్టెలో ఏదో ఒక క్యాసెట్‌లో ఒక పాట సగం లైను దగ్గర మొదలవుతుందని మీరే రాశారు. రేడియో దగ్గర కూర్చుని, వస్తున్నది ఏ పాటో గుర్తుపట్టి, బటన్ నొక్కేలోపు ఆ సగం లైను దాటిపోయి ఉంటుంది. అలా కాచుకుని కూర్చున్న మనిషి ఒకరున్నారు. పట్టుకున్న పాటను దాచుకున్నారు, కారులో పెట్టుకున్నారు, వయొలిన్ వచ్చే చోటు మీకు చూపించారు. ఈ మనిషి మీ అన్నయ్యకు తెలియకపోవచ్చు. తెలియనంత మాత్రాన లేకుండా పోరు.

అయితే మీ జ్ఞాపకంలోని ప్రతి వివరమూ జరిగింది జరిగినట్టే ఉందని మాత్రం నేననను. మళ్లీ మళ్లీ జరిగిన సంగతుల్ని మనసు విడివిడిగా దాచుకోదు. వాన రోజు ప్రయాణం, ఎండ రోజు ప్రయాణం, నిద్ర ముంచుకొచ్చిన రాత్రి ప్రయాణం, అన్నీ కలిసి కొన్నేళ్లకు ఒకే ప్రయాణంగా మిగులుతాయి. అందులో వయొలిన్ మాట ఒక రోజుది, స్టీరింగ్ మీద తాళం ఇంకో రోజుది అయ్యుండొచ్చు.

దీని మీద బాగా పేరున్న పరిశీలన ఒకటి ఉంది, అందులోనూ టేపుల ప్రసక్తే. అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణం మీద 1973లో విచారణ జరిగినప్పుడు, జాన్ డీన్ అనే అధికారి అధ్యక్షుడు నిక్సన్‌తో తనకు జరిగిన సంభాషణల్ని పూసగుచ్చినట్టు చెప్పాడు. ఈయన నడిచే టేప్ రికార్డరులా ఉన్నాడని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత నిక్సన్ ఆఫీసులో రహస్యంగా రికార్డయిన అసలు టేపులే బయటికొచ్చాయి. ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి 1981లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఫలానా రోజు ఫలానా మాటలు అన్నారన్న చోట డీన్ చాలావరకు తప్పు. కానీ నెలల తరబడి అక్కడ ఏం నడిచింది, ఎవరికి ఏం తెలుసు అన్న చోట ఒప్పే. మీ జ్ఞాపకమూ ఆ తీరుదే అనుకుంటాను. ఏ రోజు ఏ పాట అన్న దగ్గర ఎవరైనా మిమ్మల్ని తప్పు పట్టొచ్చు. ఆ ముందు సీట్లలో మీరిద్దరూ ఎలా ఉండేవారో చెప్పగలిగింది మాత్రం ఇప్పుడు మీరొక్కరే.

ఇక మీ అన్నయ్య. మీ ఉత్తరం చదివాక నా మనసు ఎక్కువసేపు ఆయన దగ్గరే ఆగిపోయింది.

మీరు చెప్పింది నమ్మక ఆయన అలా అన్నాడని మీరనుకుంటున్నారు. నమ్మినందువల్లే అన్నాడేమోనని నాకనిపిస్తోంది. ఒకసారి ఆయన వైపు నుంచి చూడండి. నాన్న కోపిష్ఠి, దగ్గరకు తీయడం చేతకాని మనిషి, కొందరంతే, అని ఒక లెక్క తేల్చుకుని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చి ఉంటాడు. ఆ లెక్కలో తన లోటేమీ లేదు, ఆ కొడుకు స్థానంలో ఎవరున్నా అంతే. ఇప్పుడు మీరొచ్చి ఆయన పాడేవారు, నవ్వేవారు, నాకు వయొలిన్ వినిపించేవారు అన్నారు. అంటే చేతనయ్యేదన్నమాట. చేతనయ్యీ తన దగ్గర అలా ఉండలేదన్నమాట. మీకు అపురూపమైన ప్రతి వివరమూ ఆయనకు ఒకే ప్రశ్న వేస్తుంది: మరి నన్నెందుకు ఎక్కించుకోలేదు?

దీనికి మీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. చెప్పగలిగిన మనిషి వెళ్లిపోయారు. మొదటి బిడ్డ నాటికి ఆయనకు భయాలు ఎక్కువేమో, మగపిల్లాడిని కొట్టే పెంచాలని ఎవరో నేర్పారేమో, ఇలా ఎన్నయినా అనుకోవచ్చు. మీ మనసులో అనుకోండి. దెబ్బలు తిన్నవాడికి వాటిని సంజాయిషీగా మాత్రం ఇవ్వకండి. ముఖ్యంగా "నాన్నకు ప్రేమ ఉంది అన్నయ్యా, చూపించడమే రాదు" అన్న మాట మీ నోట రాకూడదు. అందరూ అనేదే, మంచి మనసుతోనే అంటారు. కానీ మీ ఇద్దరి విషయంలో అది అబద్ధం. చూపించడం ఆయనకు వచ్చు, మీకు చూపించారు.

బంధువుల మధ్య మీరు ఆ ప్రయాణాల కథ చెప్పినప్పుడు మీకు వేరే ఉద్దేశం ఏమీ లేదని నాకు తెలుసు. అన్నయ్య చెవికి మాత్రం అది తీర్పులా వినపడి ఉంటుంది. నాన్న మంచివాడే, పేచీ అంతా కొడుకుదే అని పదిమందీ అనుకుంటున్నట్టు తోచి ఉంటుంది. అందుకే లేచి వెళ్లిపోయి ఉంటాడు. మీ జ్ఞాపకాన్ని నాన్న తరఫు వాదనగా ఎవరి ముందూ వాడకండి, ముఖ్యంగా నలుగురిలో. ఎప్పుడైనా ఇద్దరే ఉన్నప్పుడు ఇలా చెప్పి చూడండి: "కారులో నాన్న నాతో బాగుండేవారు. నీతో అలా లేరు. అది అన్యాయం. నేను చూశాను." అంతకుమించి ఒక్క ముక్క అక్కర్లేదు. ఆ చివరి మాట మరిచిపోకండి. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లకి పెద్దయ్యాక కావలసింది చాలాసార్లు ఒక సాక్షి. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఉన్న మనిషి మీరు. మీరు చూశానంటే దానికున్న విలువ ఏ సలహాకూ ఉండదు. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా వినండి, పాటల ఊసెత్తకండి. ఏమీ మాట్లాడకపోతే పట్టుబట్టకండి.

కుదిరితే ఈ నాలుగు మాటలూ కారులో వెళ్తున్నప్పుడే చెప్పండి. ఎదురెదురుగా కూర్చుంటే కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియదు, ముఖంలో ఏం కనపడిపోతుందోనన్న బెదురు. పక్కపక్కన ఉన్నప్పుడు ఇద్దరి చూపూ రోడ్డు మీదే, ఒకరి చేతులకు పని ఉంటుంది, మాట మధ్యలో తెగినా ఇబ్బందిగా ఉండదు. గట్టిగా బిగదీసుకుని ఉండే మనుషులు బండిలో కాస్త వదులు కావడం చాలామంది చూసే ఉంటారు.

ఒక్క మనిషే రెండు రకాలుగా ఎలా ఉంటారని అడిగారు. బహుశా కొంత జవాబు ఇక్కడే ఉంది. ఇంట్లో అందరూ ఆయన ముఖం చూసి మసలుకునేవాళ్లు. మీరే రాశారు, అడుగుల చప్పుడుకే సర్దుకుని కూర్చునేవాళ్లమని. అలాంటి ఇంట్లో ఆయనకూ ఒక వేషం ఉంటుంది, దాన్ని తీసి పక్కన పెట్టడం ఆయనకూ కష్టమే. కారులో ఆయన ముఖం ఎవరూ చూడటం లేదు. పక్కన చిన్నపిల్ల, ఎదురుగా రోడ్డు, పాడుతున్న క్యాసెట్. అక్కడ సంతోషంగా ఉండొచ్చు. ఇది చెప్పినంత మాత్రాన ఇంట్లో చేసినవి మాసిపోవు. ఆ వేషాన్ని తగిలించుకున్నదీ, ఇంటికి రాగానే మళ్లీ వేసుకున్నదీ ఆయనే.

పాటల సంగతికొస్తాను. ఫోన్లో విన్నది నాన్న పాటలా లేదన్నారు. మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. క్యాసెట్‌లో టేపు సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. ప్లేయర్‌లో బెల్టు సాగినా, మోటారు నీరసించినా ఆ వేగం తప్పుతుంది. తగ్గితే పాట నెమ్మదించడంతో పాటు శ్రుతి కూడా దిగుతుంది, పెరిగితే శ్రుతి పైకెక్కుతుంది. రికార్డు చేసిన యంత్రం ఒకటి, వినిపించిన యంత్రం ఇంకోటి అయినప్పుడు ఈ తేడా మామూలే. పైగా కారు లోపల టైర్ల హోరు, ఇంజను మోత కలిసి మంద్ర స్థాయి శబ్దాల్ని మింగేస్తాయి. గొంతు, వయొలిన్ లాంటివి ముందుకొచ్చి వినపడతాయి. మీరు పెరిగిన పాటలో శ్రుతి కాస్త అటూ ఇటూ, గొంతు ఎక్కువ, అడుగున రేడియో గరగర, మొదటి సగం లైను ఖాళీ. ఫోన్లో వచ్చేది శుభ్రం చేసిన ప్రతి. ఒక్కోసారి అదే గాయకులు తర్వాతెప్పుడో మళ్లీ పాడింది కూడా అయ్యుంటుంది.

మొదటిసారి విన్నప్పుడు అంత ఏడుపు ఎందుకొచ్చిందో కూడా కొంత తెలుసు. పీటర్ జనాటా అనే పరిశోధకుడు, తెలిసిన పాట విని పాత సంగతులు గుర్తొస్తున్న వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూసి, 2009లో ఆ ఫలితాలు ప్రచురించాడు. అప్పుడు బాగా స్పందించింది నుదుటి వెనక, మెదడు మధ్యగీతకు దగ్గరగా ఉన్న భాగం. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసేది కూడా అదే. అందుకే పాట నాన్న ఒక్కరినే తీసుకురాదు, ఆ సీట్లో కూర్చున్న చిన్నపిల్లను కూడా తెస్తుంది. ఆ పిల్ల కోసం కూడా మీరు ఏడ్చి ఉంటారు. ఇంట్లో బిక్కుబిక్కుమంటూ ఉండి, కారెక్కితే గొంతెత్తి పాడిన పిల్ల కదా.

మరి రోజూ వింటే ఎందుకు చల్లబడింది? ఒక పాట ఒక జ్ఞాపకాన్ని గట్టిగా లాక్కు రావాలంటే దానికి ముడిపడినవి తక్కువ ఉండాలి. ఇన్నేళ్లూ ఆ పాటలు ఒక్క కారుకే, ఒక్క మనిషికే ముడిపడి ఉన్నాయి. ఇప్పుడు వాటికి మీ ఇంటి పనులు, ఆఫీసు దారి, నిద్ర పట్టని రాత్రులు, అన్నీ తగులుకుంటున్నాయి. ఒకే గుర్తుకు పది సంగతులు వేలాడితే అది దేన్నీ పూర్తిగా పైకి తేలేదు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన విషయం. అంటే జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉండి, దారి మాత్రం రద్దీ అయింది. కొన్ని నెలలు ఆ పాటలు పూర్తిగా ఆపేయండి. ఆ తర్వాత కూడా మీకు బాగా ముఖ్యమైన రెండు మూడింటిని ఇంట్లో పనుల మధ్య పెట్టకండి, ప్రయాణాలకే ఉంచుకోండి. మిగతావి ఎక్కడ విన్నా ఫర్వాలేదు. ఒక్క జాగ్రత్త: చాలా రోజుల విరామం తర్వాత మొదటిసారి వినేటప్పుడు బండి ఇంకొకరు నడుపుతుంటే మంచిది, లేకపోతే పక్కన ఆపి వినండి. కళ్లనిండా నీళ్లుంటే రోడ్డు కనపడదు.

క్యాసెట్లు పారేయకండి. వాటిని వేడి, తేమ తగలని చోట, స్పీకర్లకు దూరంగా పెట్టండి. ప్రతి క్యాసెట్ పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి, ఈరోజే వాటిని విరిచేయండి. అవి లేకపోతే ఎవరైనా పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు. ప్లేయర్ సంపాదిస్తే ముందుగా అక్కర్లేని క్యాసెట్ ఒకటి వేసి చూడండి, చాలా ఏళ్లు వాడని ప్లేయర్లు టేపును లోపలికి లాగి నమిలేస్తాయి. టేపు రాసుకునే హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి, ఆరనివ్వండి. నాన్నగారి క్యాసెట్‌ను వినే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ మొదటికి తెండి. టేపు వెనకాల చిన్న ఫెల్ట్ మెత్త ఒకటి కనపడుతుంది. అది ఊడిపోయి ఉన్నా, టేపు నలిగి ఉన్నా మీరు ఏమీ చేయకండి, ఈ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 కంటే వేవ్ ఫైలుగా దాచడం మేలు, ఎందుకంటే అందులో శబ్దాన్ని కుదించరు. రెండు వేర్వేరు చోట్ల ఉంచండి.

ఎక్కించేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పండి: శబ్దాన్ని శుభ్రం చేయొద్దని. వాళ్లు మంచికే అనుకుని బుసబుసలు, గరగరలు తీసేస్తారు. పాట మొదట్లో, చివర్లో టక్కుమని వినపడే చప్పుడు కూడా తీసేస్తారు. ఆ టక్కు మీ నాన్నగారు బటన్ నొక్కినప్పటిది. అలాగే 90 నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు 45 నిమిషాలూ పూర్తిగా ఎక్కించమనండి, ఖాళీగా అనిపించినా సరే. మైకుతో ఇళ్లలో రికార్డు చేసిన టేపుల చివర ఒక్కోసారి గదిలోని మాటలు పడి ఉంటాయి. ఉంటాయని ఆశ పెట్టుకోకండి, కానీ వినకుండా వదిలేయకండి. అట్టల మీద ఆయన చేతిరాత ఉంటే దాన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. అన్నయ్యకు మాత్రం ఆ ఫైళ్లు పంపకండి. అవి మీ దగ్గరున్నాయని ఆయనకు తెలిస్తే చాలు. అడిగినరోజు ఇవ్వండి, ఎప్పటికీ అడగకపోతే అదీ ఆయన ఇష్టమే.

పాప ఇయర్‌ఫోన్ల గురించి అంత దిగులు వద్దు. 2013లో క్రమ్‌హాన్సల్, జుప్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు, సుమారు 20 ఏళ్ల వయసున్న విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్ పాటల్ని వినిపించారు. తమ కాలపు పాటలతో వాళ్లకు ఎక్కువ జ్ఞాపకాలు ఉండటంలో వింత లేదు. కానీ వాళ్లింకా పుట్టనే లేని, వాళ్ల అమ్మానాన్నలు యవ్వనంలో ఉన్న కాలపు పాటల దగ్గర కూడా జ్ఞాపకాలు, ఇష్టం మళ్లీ పెరిగాయి. ఇంట్లో పెద్దవాళ్లు వింటుంటే పిల్లల్లోకి ఎక్కినవి అవి. అంతకుముందు తరం పాటల దగ్గర కూడా అలాంటి పెరుగుదల కనపడింది.

మీ నాన్నగారు మీకు జ్ఞాపకాలు మిగల్చాలని పాటలు పెట్టలేదు. తనకు ప్రాణం కాబట్టి పెట్టుకున్నారు, మీరు పక్కనున్నారు. పాపకు తాతయ్య పాటలు వినిపించాలని కూర్చోబెడితే అది పాఠం అయిపోతుంది. మీకు ఇప్పుడు ఏ పాటలు ఇష్టమో అవే పెట్టుకోండి, మీకోసం. పాడాలనిపిస్తే పాడండి. ఇయర్‌ఫోన్లు తీయమనకుండా, ఒక్కో ప్రయాణంలో తనకు నచ్చిన పాట ఒకటి కారు స్పీకర్లో పెట్టమని అడగండి. అది మీకు నచ్చకపోయినా చివరిదాకా వినండి, మా కాలంలో పాటలు ఇలా ఉండేవి కావని అనకండి. అందులో తనకు ఏ చోటు ఇష్టమో అడగండి.

తాతయ్య ఎలా ఉండేవారన్న ప్రశ్నకు 9 ఏళ్ల పిల్లకు రెండూ చెప్పొచ్చు. పిల్లలు రెండూ మోయగలరు, పెద్దవాళ్లు ఏదో దాస్తున్నారన్న సంగతే మోయలేరు. "తాతయ్యకు పాటలంటే ప్రాణం. కారులో నాతో కలిసి పాడేవారు. కోపం కూడా చాలా ఎక్కువ. మామయ్యను కొట్టేవారు, అలా కొట్టడం తప్పు" అనండి. ఎందుకు కొట్టేవారని అడుగుతుంది. మీకూ తెలియదని చెప్పండి. మామయ్యను అడగొచ్చా అంటుంది. ముందు మీరు అన్నయ్యను అడిగి, ఆయన సరేనన్నాకే పాపకు సరే అనండి.